ఆటగాడు – అభిమాని

తెలుగులో 'అభిమానం' అనే పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి ప్రేమతో కూడిన ఆదరం. మరొకటి ఆత్మగౌరవం. 'ఆయనకు శిష్యులంటే ఎంతో అభిమానం' అన్నప్పుడు మొదటి అర్థం స్ఫురిస్తుంది. 'అభిమానం చంపుకొని అప్పు అడగలేకపోయాడు' అన్నప్పుడు రెండవ అర్థం స్ఫురిస్తుంది. ప్రాచీన సాహిత్యంలో ఈ రెండవ అర్థానికే ప్రాధాన్యం ఎక్కువ. భారతకథలోని సుయోధనుని 'అభిమానధనుడు' అని పేర్కొనడం తెలుగువారికి పరిచితమైన విషయమే. ఆత్మగౌరవమే ధనంగా గలవాడని దాని భావం. ఆధునిక కాలంలో చలనచిత్రాలు, క్రీడలు ప్రజాజీవితంలో భాగమైన తరువాత మొదటి అర్థం ముందుకు వచ్చింది. ఒక నటుని గాని, ఒక ఆటగాని గాని అమితంగా ఇష్టపడే వ్యక్తిని నేడు 'అభిమాని' అంటున్నారు. ఒకే పదంలో ఇమిడిన ఈ రెండు అర్థాలకు ఏమైనా సంబంధం ఉన్నదా? దీర్ఘకాలం ఆడిన ఒక ఆటగాని జీవితాన్ని, అతనిని ఆదరించిన ప్రజల మనసును కలిపి పరిశీలిస్తే, సంబంధం ఉన్నదనే తెలుస్తుంది. హైదరాబాదుకు చెందిన క్రికెట్ క్రీడాకారుడు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఇందుకు తగిన ఉదాహరణ.

ఆటగానిపై కలిగే అభిమానం కవిపైన, గాయకునిపైన కలిగే అభిమానం వంటిది కాదు. కావ్యాన్ని ఇష్టపడిన పాఠకుడు దానిని మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు. ఎన్నిసార్లు చదివినా ఆ పద్యం అదే స్థాయిలో నిలిచి ఉంటుంది. ఆట అటువంటిది కాదు. నిన్న శతకం చేసినవాడు నేడు మొదటి బంతికే వెనుదిరగవచ్చు. రాబోయే క్షణం ఎలా ఉంటుందో ఆటగానికీ తెలియదు, చూసేవారికీ తెలియదు. అందువలన ఆటగానిపై అభిమానంలో ఆనందంతో పాటు నమ్మకం కూడా కలిసి ఉంటుంది. నమ్మకం ఒక్కరోజులో ఏర్పడదు. అది అనేక విజయాలను, అంతకంటె ఎక్కువగా అనేక పరాజయాలను కలిసి దాటిన తరువాత స్థిరపడుతుంది. ఒకటి రెండు సంవత్సరాలు మెరిసి మాయమైన ఆటగాళ్లను ప్రజలు మెచ్చుకుంటారు. పదిహేను, ఇరవై సంవత్సరాలు నిలిచి ఆడినవారిని తమవారిగా భావించుకుంటారు.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. దీర్ఘకాలం ఆడిన క్రీడాకారునితో పాటు అభిమాని వయస్సు కూడా పెరుగుతుంది. లక్ష్మణ్ 1996 నవంబరులో తన మొదటి టెస్టు ఆడాడు. 2012 ఆగస్టులో ఆటకు వీడ్కోలు పలికాడు. అతడు ఆట మొదలుపెట్టిన సంవత్సరంలో ఒకటవ తరగతిలో చేరిన బాలుడు, అతడు ఆట ముగించే నాటికి కళాశాల చదువు పూర్తి చేసుకొని ఉద్యోగ ప్రయత్నంలో ఉండి ఉంటాడు. ఆ బాలుని పరీక్షలు, పండుగలు, స్నేహాలు అన్నీ ఏదో ఒక మ్యాచ్ జ్ఞాపకంతో ముడిపడి ఉంటాయి. కాబట్టి ఆటగాడు బరి నుండి నిష్క్రమించినప్పుడు అభిమానికి తన బాల్యంలో ఒక భాగం ముగిసినట్లు తోస్తుంది.

ఇటువంటి జ్ఞాపకాలు మహానగరాలకే పరిమితం కావు. జనగామ ప్రాంతంలోని బచ్చన్నపేట వంటి గ్రామాలలోనూ క్రికెట్ ఏనాడో ఇంటింటి మాట అయింది. వేసవిలో నీరు ఇంకిన చెరువులో, కోతలు ముగిసిన పొలంలో, బడి వెనుక ఖాళీ స్థలంలో పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుకుంటారు. ఊరి వడ్రంగి చెక్కి ఇచ్చిన బ్యాటు, వరుసగా పేర్చిన మూడు రాళ్లు ఉంటే చాలు, ఆట మొదలవుతుంది. ఆకాశవాణి వ్యాఖ్యానాలు, ఆ తరువాత దూరదర్శన్ ప్రసారాలు దూరదేశాల మైదానాలను గ్రామాల ముంగిటికి తెచ్చాయి. జనగామ నుండి హైదరాబాదు వెళ్లే రహదారిలో నగరం మొదట్లోనే ఉప్పల్ వస్తుంది. అంతర్జాతీయ క్రికెట్ మైదానం అక్కడే ఉన్నది. తమ భాష మాట్లాడే ఆటగాడు, తమ బస్సు వెళ్లే నగరానికి చెందినవాడు దేశం తరఫున ఆడుతున్నాడన్న భావన ఈ ప్రాంతపు యువకులకు లక్ష్మణ్‌ను మరింత దగ్గర చేసింది.

తెలుగువారికి ఇటువంటి అభిమానం కొత్తదేమీ కాదు. భారత క్రికెట్ తొలి టెస్టు సారథి సి.కె. నాయుడు తెలుగు కుటుంబానికి చెందినవాడే. అతడు 1895లో నాగపూరులో జన్మించాడు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు ఉన్నాయి. ఆ ఆటను జనం చుట్టుపక్కల మేడలపైకి, చెట్లపైకి ఎక్కి చూశారని చెబుతారు. పరాయి పాలనలో ఉన్న ప్రజలకు ఆ బంతులు ఎగిరిన ఎత్తు ఆటకు మించిన అర్థాన్నిచ్చింది. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన తొలి టెస్టుకు నాయుడు నాయకత్వం వహించాడు. అతడు ఆడిన టెస్టులు 7 మాత్రమే. అయితే 1916లో మొదలైన అతని ఫస్ట్ క్లాస్ క్రీడాజీవితం ఎంతో సుదీర్ఘంగా సాగింది. ఏబదవ ఏడు దాటిన తరువాత కూడా రంజీ పోటీలో ద్విశతకం సాధించాడు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో ప్రవేశించినప్పుడు దానికి సారథిగా నిలిచాడు. గణాంకాలకంటె ఈ నిలకడయే నాయుడుపై గౌరవాన్ని తరతరాలకు అందించింది. ఆ గౌరవం టెలివిజన్ యుగంలో ఏ రూపం దాల్చిందో లక్ష్మణ్ జీవితం తెలియజేస్తుంది.

వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ 1974 నవంబరు 1న హైదరాబాదులో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ వైద్యులు. భారత రాష్ట్రపతిగా పనిచేసిన తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్‌తో ఆ కుటుంబానికి బంధుత్వం ఉన్నది. చదువులో చురుకైన లక్ష్మణ్ ముందు రెండు మార్గాలు నిలిచాయి. వైద్యవిద్య నిశ్చితమైన మార్గం, క్రికెట్ అనిశ్చితమైన మార్గం. మేనమామ ప్రోత్సాహంతో, తల్లిదండ్రుల అంగీకారంతో అతడు రెండవ దానిని ఎంచుకొన్నాడు. ఇంటర్మీడియట్ చదివే వయస్సులో ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్నయే ఇది. లక్ష్మణ్ ఎంపిక సరైనదని ఈనాడు చెప్పడం తేలిక. ఆనాడు మాత్రం అటువంటి భరోసా ఏదీ లేదు.

తొలి సంవత్సరాలు అతనికి సుఖంగా గడవలేదు. అహ్మదాబాదులో దక్షిణాఫ్రికాపై ఆడిన మొదటి టెస్టులోనే అర్ధశతకం చేసినా జట్టులో స్థానం స్థిరపడలేదు. మధ్యవరుసలో ఆడడం అలవాటైన అతనిని ఇన్నింగ్స్ ప్రారంభించడానికి పంపారు. ఒకసారి జట్టులోకి తీసుకొనడం, మరొకసారి తొలగించడం పరిపాటి అయింది. 2000 జనవరిలో సిడ్నీ మైదానంలో ఆస్ట్రేలియాపై 167 పరుగులు చేసి తన శక్తిని నిరూపించుకొన్నాడు. అదే 1999-2000 రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున 1415 పరుగులు సాధించి రికార్డు నెలకొల్పాడు. అయినా దేశమంతా అతనిని గుర్తుంచుకొనే రోజు రావడానికి 2001 మార్చి వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ రోజు కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్ మైదానంలో వచ్చింది.

ఆ మైదానానికి అంతకు ముందే ఒక చేదు జ్ఞాపకం ఉన్నది. 1996 మార్చి 13న ప్రపంచకప్ సెమీఫైనల్‌లో భారత్, శ్రీలంక జట్లు అక్కడే తలపడ్డాయి. భారత జట్టు 120 పరుగులకు 8 వికెట్లు కోల్పోగానే ప్రేక్షకులలో కొందరు మైదానంలోకి సీసాలు విసిరారు. కూర్చున్నచోటనే నిప్పు పెట్టారు. ఆట కొనసాగించడం అసాధ్యమైంది. అధికారులు శ్రీలంక గెలిచినట్లు ప్రకటించారు. ఆనాడు సీసాలు విసిరినవారు ఆటపై ప్రేమ లేనివారని చెప్పలేము. అయితే గెలుపును మాత్రమే తమదిగా భావించి, ఓటమిని తమది కాదనుకొన్నారు. దానిని అభిమానం అనరు, దురభిమానం అంటారు. ఆ రోజు ఓడినది జట్టు ఒక్కటే కాదు, ప్రేక్షకుల ఆత్మగౌరవం కూడా ఓడింది.

అయిదు సంవత్సరాల తరువాత అదే మైదానంలో భారత్ ఆస్ట్రేలియాను ఎదుర్కొన్నది. అప్పటికి ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉన్నది. అంతకు ముందు సంవత్సరం వెలుగుచూసిన మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం, అంటే ధనాశతో ఆట ఫలితాన్ని ముందే నిర్ణయించే దురాచారం, ప్రజలకు ఆటపై ఉన్న నమ్మకాన్ని దెబ్బతీసింది. ఈ టెస్టులో ఆస్ట్రేలియా మొదట 445 పరుగులు చేసింది. భారత్ 171 పరుగులకే ఆలౌటయింది. ఆ ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ 59 పరుగులు చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగాడు. ప్రత్యర్థికంటె 274 పరుగులు వెనుకబడిన భారత జట్టు వెంటనే రెండవ ఇన్నింగ్స్ ఆడవలసి వచ్చింది. దీనినే క్రికెట్ పరిభాషలో 'ఫాలో ఆన్' అంటారు. అప్పటివరకు టెస్టు క్రికెట్ చరిత్రలో ఫాలో ఆన్ ఆడిన జట్టు గెలిచిన సందర్భాలు రెండే.

రెండవ ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్‌ను మూడవ స్థానంలో పంపారు. రాహుల్ ద్రావిడ్ ఆరవ స్థానంలో వచ్చి అతనితో జతకలిశాడు. లక్ష్మణ్‌ను నడుమునొప్పి, ద్రావిడ్‌ను జ్వరం బాధిస్తున్నాయి. అయినా నాలుగవ రోజున వారిద్దరూ ఉదయం నుండి సాయంత్రం వరకు వికెట్ పడకుండా ఆడి జట్టు స్కోరుకు 335 పరుగులు చేర్చారు. వారి భాగస్వామ్యం 376 పరుగులకు చేరింది. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగులు చేశారు. ఒక ఇన్నింగ్స్‌లో భారతీయుడు చేసిన అత్యధిక పరుగుల రికార్డు అంతవరకు సునీల్ గవాస్కర్ పేరిట 236గా ఉండేది. లక్ష్మణ్ దానిని దాటాడు. 657 పరుగుల వద్ద ఇన్నింగ్స్ ముగించిన భారత్, చివరి రోజున ఆస్ట్రేలియాను 212 పరుగులకు ఆలౌట్ చేసి 171 పరుగుల తేడాతో గెలిచింది. స్పిన్నర్ హర్భజన్ సింగ్ ఆ టెస్టులో మొత్తం 13 వికెట్లు పడగొట్టాడు. ఒకనాడు నిప్పు రగిలిన ఆ ప్రేక్షకస్థానాలే ఈసారి ఆనందంతో ఊగిపోయాయి. ఈడెన్ గార్డెన్స్‌కు, లక్ష్మణ్‌కు నడుమ అనుబంధం అక్కడితో ఆగలేదు. 2011 వరకు అతడు ఆ మైదానంలో మొత్తం 5 టెస్టు శతకాలు సాధించాడు. పేరులోని మూడు ఆంగ్లాక్షరాలను విస్తరించి అభిమానులు అతనిని 'వెరీ వెరీ స్పెషల్ లక్ష్మణ్' అని పిలుచుకొన్నారు.

ఈ అభిమానానికి పరుగుల సంఖ్య ఒక్కటే కారణమా? అంతకంటె ఎక్కువ పరుగులు చేసినవారు అతని జట్టులోనే ఉన్నారు. లక్ష్మణ్ ఆటలోని తీరు ప్రజలను ఆకట్టుకొన్నది. సాధారణంగా ఆఫ్ స్టంపుకు అవతల పడిన బంతిని ఆ వైపునకే కొడతారు. లక్ష్మణ్ చివరి క్షణంలో మణికట్టును తిప్పి, అటువంటి బంతిని లెగ్ వైపునకు తరలించేవాడు. బలంగా బాదినట్లు కనిపించదు, బంతి మాత్రం హద్దు దాటుతుంది. షేన్ వార్న్ వంటి గొప్ప స్పిన్నర్ బంతిని అతడు ముందుకు వచ్చి ఒకసారి ఆఫ్ వైపునకు, మరొకసారి లెగ్ వైపునకు కొట్టిన తీరు చూసినవారు మరువలేరు. ఎం.ఎల్. జైసింహ, మహమ్మద్ అజహరుద్దీన్ వంటివారి సొగసైన ఆటను చూసిన హైదరాబాదు ప్రేక్షకులకు ఈ మణికట్టు విద్య తమ నగరపు సంప్రదాయానికి కొనసాగింపుగా తోచింది.

తీరుతో పాటు ప్రవర్తన కూడా ముఖ్యమైనదే. ఈ సందర్భంలో ప్రాచీన అలంకారశాస్త్రం చెప్పిన ఒక విషయం స్మరింపదగినది. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో, ఓరుగల్లులో విద్యానాథుడు రచించిన 'ప్రతాపరుద్రీయం' అనే సంస్కృత లక్షణగ్రంథం నాయకుని గురించిన ప్రకరణంతోనే మొదలవుతుంది. కావ్యానికి నాయకుడు ఎటువంటివాడై ఉండాలన్న ప్రశ్నకు మన ఆలంకారికులు అంతటి ప్రాధాన్యమిచ్చారు. వారు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా విభజించారు. నలుగురికీ ధైర్యం సమానమే. ఉద్ధతుడు గర్వాన్ని పైకి ప్రదర్శిస్తాడు. ఉదాత్తుడు గంభీరుడు, ఓర్పు గలవాడు, తన గొప్పను తాను చెప్పుకోనివాడు, పట్టిన పనిని విడువనివాడు. అతనిలోనూ అహంకారం ఉంటుంది గాని అది వినయం మాటున దాగి ఉంటుంది. క్రీడారంగంలో ఉద్ధతులకు కొరత లేదు. వారిని చూసి ప్రజలు ఉత్సాహపడతారు. అయితే చిరకాలం మనసులో నిలుపుకొనేది ఉదాత్తులనే. లక్ష్మణ్‌పై అభిమానులకు గల ప్రేమకు మూలం ఇక్కడ ఉన్నది.

మాటున దాగిన ఆ ఆత్మగౌరవానికి గట్టి పరీక్ష 2003లో ఎదురయింది. ఆ సంవత్సరం దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్‌కు ఎంపిక చేసిన జట్టులో లక్ష్మణ్ పేరు లేదు. ఈ తిరస్కారం తనను ఎంతగానో బాధించిందని అతడు ఆ తరువాత చెప్పుకొన్నాడు. అతడు మొత్తం 86 వన్డేలు, 134 టెస్టులు ఆడినా ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అయినా అతడు ఆటతోనే సమాధానమిచ్చాడు. అదే సంవత్సరం డిసెంబరులో అడిలైడ్ టెస్టులో 148 పరుగులు చేసి, ద్రావిడ్‌తో కలిసి 303 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాడు. భారత్ ఆ టెస్టు గెలిచింది. అవమానాన్ని పనిగా మార్చుకొన్న ఈ నేర్పు, తమ బ్రతుకులలో ఏదో ఒక తిరస్కారాన్ని చవిచూసిన సామాన్యులకు అతనిని ఆత్మీయుని చేసింది.

టెండూల్కర్, ద్రావిడ్ వంటి మహామహుల తరువాత, అయిదవ స్థానంలోనో ఆరవ స్థానంలోనో రావడం లక్ష్మణ్‌కు పరిపాటి. అందువలన అతనికి తోడుగా తరచు బౌలర్లే మిగిలేవారు. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియాపై గెలవడానికి భారత్‌కు 216 పరుగులు కావలసి ఉండగా 124 పరుగులకే 8 వికెట్లు పడిపోయాయి. నడుమునొప్పితో కదలలేని స్థితిలో లక్ష్మణ్ రన్నర్‌ను పెట్టుకొని ఆడాడు. బౌలర్ ఇషాంత్ శర్మతో కలిసి 81 పరుగులు జోడించాడు. చివరి వికెట్‌కు హైదరాబాదు జట్టులో తన సహచరుడైన ప్రజ్ఞాన్ ఓఝా తోడు నిలిచాడు. పరుగు తీయడంలో తడబాటు జరిగినప్పుడు, ఏనాడూ కోపం చూపని లక్ష్మణ్ ఓఝాపై బ్యాటు ఎత్తి కేకలు వేశాడు. భారత్ ఒక వికెట్ తేడాతో గెలిచింది. లక్ష్మణ్ 73 పరుగులతో అజేయంగా నిలిచాడు. అభిమానులు ఆ విజయాన్ని ఎంత ఇష్టంగా చెప్పుకొంటారో ఆ కోపాన్ని కూడా అంతే ఇష్టంగా చెప్పుకొంటారు. శాంతస్వభావుడు ఒక్కసారి సంయమనం కోల్పోయాడంటే ఆ గెలుపు అతనికి ఎంత ముఖ్యమో వారికి అర్థమైంది. ఎంతోకాలంగా అతనిని ఎరిగినవారికే ఆ దృశ్యం విలువ తెలుస్తుంది.

ప్రతి క్రీడాజీవితానికీ క్షీణదశ ఉంటుంది. 2011లో ఇంగ్లండులో భారత జట్టు నాలుగు టెస్టులూ ఓడిపోయింది. 2011-12లో ఆస్ట్రేలియాలోనూ అదే జరిగింది. ఒకప్పుడు ఆస్ట్రేలియా బౌలర్లను శాసించిన లక్ష్మణ్ ఆ నాలుగు టెస్టులలో కలిపి 155 పరుగులు మాత్రమే చేశాడు. అతడు తప్పుకోవాలన్న విమర్శలు వినిపించాయి. అభిమానికి ఇది కఠినమైన కాలం. విమర్శలో నిజం ఉన్నదని బుద్ధికి తెలుసు, అంగీకరించడానికి మనసు ఒప్పుకోదు. ఆటగాని వైఫల్యాన్ని కళ్లు మూసుకొని సమర్థించడం ఒక తప్పు. పదహారేళ్ల సేవను ఒక్క పర్యటనతో తుడిచివేయడం మరొక తప్పు. నిజమైన అభిమాని ఈ రెండింటికీ దూరంగా ఉంటాడు.

2012 ఆగస్టులో న్యూజిలాండ్ జట్టు భారత పర్యటనకు వచ్చింది. మొదటి టెస్టు ఆగస్టు 23న ఉప్పల్ మైదానంలో మొదలు కావలసి ఉన్నది. జట్టులో లక్ష్మణ్ పేరు ఉన్నది. సొంత నగరంలో, సొంత ప్రజల నడుమ అతనిని చూడాలని అభిమానులు ఎదురుచూశారు. సరిగా అయిదు రోజుల ముందు, ఆగస్టు 18న, తక్షణమే అంతర్జాతీయ క్రికెట్ నుండి వైదొలగుతున్నట్లు లక్ష్మణ్ ప్రకటించాడు. తన అంతరాత్మ చెప్పినట్లే నడచుకొంటున్నానని తెలిపాడు. మరొక్క టెస్టు ఆడి, చప్పట్ల నడుమ వీడ్కోలు తీసుకొనే అవకాశం చేతిలో ఉన్నది. దానిని అతడు వదులుకొన్నాడు. తాను తప్పుకుంటే ఒక యువకునికి చోటు దొరుకుతుందని భావించాడు.

అభిమానులకు ఈ నిర్ణయం దుఃఖం కలిగించింది. మరొక్కసారి ఆడమని కోరినవారున్నారు. వారి కోరికలో ప్రేమ ఉన్నది, అయితే ఆ కోరిక తమ కోసమే. లక్ష్మణ్ నిర్ణయంలో ఆత్మగౌరవం ఉన్నది. అభిమానం అనే పదానికి గల రెండు అర్థాలూ ఇక్కడ ఎదురుపడ్డాయి. ప్రేక్షకుల అభిమానం 'ఉండు' అన్నది. ఆటగాని అభిమానం 'చాలు' అన్నది. అప్పుడు ఏది గెలవాలి? అతనిని పదహారేళ్లు ప్రేమించినవారు దేనిని ప్రేమించారో గుర్తు చేసుకుంటే సమాధానం లభిస్తుంది. తన గొప్పను తాను చెప్పుకోకపోవడాన్ని, కష్టంలో తొణకకపోవడాన్ని, తన స్థానం కోసం దేబిరించకపోవడాన్ని వారు ప్రేమించారు. ఆ గుణమే అతనిచేత వీడ్కోలు చెప్పించింది. దానిని కాదనడమంటే తాము అభిమానించిన లక్ష్మణ్‌నే కాదనడమవుతుంది. అందువలననే చాలామంది బాధపడుతూనే ఆ నిర్ణయాన్ని గౌరవించారు. ఉప్పల్ టెస్టు అతడు లేకుండానే జరిగింది, భారత్ గెలిచింది.

అభిమానుల బాధ్యతను గుర్తుచేసే మరొక ఉదాహరణ కూడా హైదరాబాదులోనే ఉన్నది. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999 జూన్‌లో భారత మహిళల జట్టులో ప్రవేశించి, 2022 జూన్‌లో విశ్రమించింది. ఇరవైమూడు సంవత్సరాల ఆ ప్రయాణంలో ఎక్కువ భాగం ఖాళీ ప్రేక్షకస్థానాల నడుమనే గడిచింది. 2017లో ఆమె సారథ్యంలోని జట్టు ప్రపంచకప్ ఫైనల్ చేరి, లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు చేతిలో 9 పరుగుల తేడాతో ఓడిన తరువాతనే దేశమంతా ఆమెవైపు తిరిగి చూసింది. అప్పటికి ఆమె ఆడడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు గడిచాయి. నిలకడ లక్ష్మణ్‌లోనూ ఉన్నది, మిథాలీలోనూ ఉన్నది. ఒకరి నిలకడను జనం మొదటి నుండి చూశారు, మరొకరి నిలకడను ఆలస్యంగా చూశారు. లోపం ఆటలో లేదు, చూపులో ఉన్నది. కాబట్టి గుర్తింపు వచ్చిన తరువాత గుంపుతో కలవడం ఒక్కటే అభిమానం కాదు. గుర్తింపు లేనిచోట కూడా యోగ్యతను కనిపెట్టగలగడం అందులో భాగం.

అభిమానం ఆటగానికి ఏమి ఇస్తుందన్న ప్రశ్నకు సమాధానం తేలికే. కీర్తి, ధనం, ఉత్సాహం ఇస్తుంది. అది అభిమానికి ఏమి ఇస్తుందన్నదే ఆలోచించవలసిన ప్రశ్న. సీసా విసిరిన చేతికి అది ఏమీ ఇవ్వలేదు. ఓటమిని ఓర్చి, ప్రత్యర్థి ప్రతిభను కూడా మెచ్చి, ఆటగాని మంచిచెడులను నిజాయితీతో తూచిన మనసుకు మాత్రం అది ఒక సంస్కారాన్ని ఇస్తుంది. ఎవరిని ఇష్టపడుతున్నామో వారి గుణాలు క్రమంగా మనలో చేరతాయని పెద్దలు సత్సాంగత్యం గురించి చెప్పే మాట క్రీడాభిమానానికి కూడా వర్తిస్తుంది. చూడకుండానే, మాట్లాడకుండానే, వందల మైళ్ల దూరం నుండి కూడా అటువంటి సాంగత్యం సాధ్యమే.

134 టెస్టులలో 8781 పరుగులు, 17 శతకాలు లక్ష్మణ్ పేరిట ఉన్నాయి. 2011లో భారత ప్రభుత్వం అతనిని పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 2021 చివరలో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యతలు చేపట్టి, యువ క్రీడాకారులకు మార్గదర్శకుడయ్యాడు. ఈ అంకెలను, పదవులను పుస్తకాలు భద్రపరుస్తాయి. నడుమునొప్పితో వంగిన శరీరం, తొణకని ముఖం, చివరి క్షణంలో తిరిగిన మణికట్టు మాత్రం చూసినవారి జ్ఞాపకంలోనే ఉంటాయి. చెరువు గట్టున ఆడుకునే బాలుడు ఔటైన తరువాత వాదులాడకుండా బ్యాటును తోటివాని చేతికి ఇచ్చాడనుకుందాం. ఆ బాలుడు ఒక్క శతకమైనా చేయకపోవచ్చు. తాను అభిమానించిన ఆటగాని నుండి నేర్వవలసినది మాత్రం నేర్చుకొన్నాడు. ఇతరులపై చూపే అభిమానం తన అభిమానాన్ని కూడా నిలబెట్టినప్పుడే ఆ పదంలోని రెండు అర్థాలూ సార్థకమవుతాయి.